లెక్కల పుస్తకానికి తలుపులు తీసిన సన్యాసి

పాల ప్యాకెట్ల లెక్క క్యాలెండరు మీద. ఇస్త్రీ బట్టల లెక్క తలుపు వెనక వేలాడే చిన్న పుస్తకంలో. చీటీ డబ్బుల లెక్క ఏ పాత డైరీలోనో. మధ్యతరగతి ఇల్లాలికి ఇవన్నీ కొట్టిన పిండే. అయినా నెలాఖరున కూర్చుని కూడితే ఓ వందో, రెండొందలో ఎక్కడికి పోయాయో అంతు చిక్కదు. మన లెక్కలో ప్రతి ఖర్చుకీ ఒక్కటే సాక్ష్యం ఉంటుంది మరి. అది రాయడం మర్చిపోయామా, ఇంక అడగడానికి రెండో సాక్షి ఉండదు.

ఆ రెండో సాక్షిని ప్రతి పద్దు పక్కనా నిలబెట్టేదే జంటపద్దు విధానం. ఇంటర్‌లో కామర్స్ చదివిన అమ్మాయి ఎవరినైనా అడగండి. డెబిట్, క్రెడిట్, చిట్టా, ఆవర్జా, అంకణా అంటూ గడగడా అప్పజెప్పేస్తుంది. మనం డబ్బు దాచుకునే బ్యాంకు దగ్గర్నుంచి పెద్దపెద్ద కంపెనీల దాకా అందరి లెక్కలూ నడిచేది ఈ పద్ధతి మీదే.

దీన్ని మొట్టమొదట అచ్చులోకి తెచ్చి పదిమందికీ పంచిపెట్టినవాడు వ్యాపారి కాదు. సొంత ఆస్తి కూడబెట్టుకోనని ప్రమాణం చేసిన సన్యాసి! పేరు లూకా పాచోలీ. 500 ఏళ్ళ కిందటి ఇటలీ మనిషి. అకౌంటింగ్‌కి పితామహుడని ఆయన్ని అంటుంటారు. నిజానికి ఈ పద్ధతిని ఆయన కనిపెట్టలేదు. తాను రాస్తున్నది వెనిస్ వ్యాపారుల పద్ధతి అని ఆయనే తన పుస్తకంలో చెప్పుకున్నాడు. మరి ఆయనకి ఇంత పేరెందుకు వచ్చింది? అది తెలియాలంటే ఆయన కథ తెలియాలి.

పరాయి పంచన పెరిగి...

ఇటలీలో టైబర్ నది ఎగువ లోయలో బోర్గో సాన్‌సెపోల్క్రో అని ఓ చిన్న ఊరుంది. 1447 ప్రాంతంలో అక్కడ పుట్టాడు లూకా. తండ్రి పేరు బార్తొలొమెయో. కలిగిన కుటుంబమేమీ కాదు. పిల్లాడు చాలాకాలం అదే ఊళ్ళో బెఫోల్చీ అనే వాళ్ళింట్లో పెరిగాడు.

ఆ రోజుల్లో అక్కడ బడులు రెండు రకాలు. పెద్దింటి పిల్లలకీ, లాయర్లూ మతాధికారులూ కావాలనుకునేవాళ్ళకీ లాటిన్ బడి. దుకాణాల్లోకి, వ్యాపారంలోకి వెళ్ళేవాళ్ళకి లెక్కల బడి. లెక్కల బడిలో చెప్పేదంతా ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే. వడ్డీ ఎలా కట్టాలి, ముగ్గురు కలిసి పెట్టిన పెట్టుబడికి లాభం ఎలా పంచాలి, ఒక ఊరి నాణేన్ని ఇంకో ఊరి నాణెంలోకి ఎలా మార్చాలి... ఇవీ పాఠాలు. లూకాకి అబ్బింది ఈ రెండో రకం చదువు. ఆడపిల్లలకి మాత్రం సాధారణంగా ఈ బడుల గడప తొక్కే వీలుండేది కాదు.

అదే ఊళ్ళో పియెరో డెల్లా ఫ్రాన్సెస్కా అనే పెద్దాయన ఉండేవాడు. ఇటలీ గర్వించే చిత్రకారుల్లో ఆయనొకడు. బొమ్మల్లో దూరం, దగ్గర ఎలా చూపించాలో లెక్క కట్టి చెప్పిన గణితజ్ఞుడు కూడా. లూకా చిన్నప్పుడే ఆయన దగ్గర గణితం నేర్చుకున్నాడని చెబుతారు. ఈ పెద్దాయన పేరు కాస్త గుర్తు పెట్టుకోండి. కథ చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

మన అంకెలే అక్కడికి వెళ్ళాయి

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. లూకాకి రెండు శతాబ్దాల ముందు దాకా యూరప్ వ్యాపారులు అక్షరాలు పేర్చి రాసే రోమన్ అంకెలే వాడేవాళ్ళు. వాటితో మనలా ఒకదాని కింద ఒకటి రాసి కూడడం కుదరదు. పలక మీద గీతలు గీసి, బిళ్ళలు జరుపుతూ లెక్కపెట్టుకునేవాళ్ళు. కాగితం మీద మిగిలేది జవాబు ఒక్కటే. ఎలా వచ్చిందో తిరిగి చూసుకునే దారి లేదు.

పీసా ఊరివాడు ఫిబొనాచీ, తండ్రి ఉద్యోగరీత్యా ఉత్తర ఆఫ్రికా రేవులో ఉన్నప్పుడు అరబ్బుల దగ్గర కొత్త అంకెలు నేర్చుకున్నాడు. అవి భారతీయుల అంకెలని చెప్పి 1202లో పెద్ద పుస్తకం రాశాడు. సున్నాతో సహా మన దేశంలో పుట్టి, అరబ్బుల చేతుల మీదుగా వెళ్ళిన అంకెలు అవి. 628లోనే మన బ్రహ్మగుప్తుడు ఎక్కువని ధనమనీ, తక్కువని ఋణమనీ పేర్లు పెట్టి వాటిని కూడే, తీసే సూత్రాలు రాశాడు. ఇవాళ్టికీ మన బడిలో ధన సంఖ్య, ఋణ సంఖ్య అనే చదువుకుంటాం కదా!

అంత మంచి అంకెల్ని యూరప్ వెంటనే నెత్తిన పెట్టుకుందనుకునేరు. 1299లో ఫ్లోరెన్సు ఊరి డబ్బు మార్పిడి వ్యాపారుల సంఘం తమ పుస్తకాల్లో వాటిని వాడకూడదని కట్టడి చేసింది. కొత్త అంకెల్ని దిద్దడం సులువని వ్యాపారులకి భయం. సున్నాకి ఓ చిన్న తోక తగిలిస్తే ఆరో, తొమ్మిదో అయిపోతుంది మరి. లెక్క అంటే నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ చెడుతుందోనన్నదే వాళ్ళ దిగులు.

అయినా వ్యాపారం పెరిగేకొద్దీ కొత్త దారులు తప్పలేదు. ఒకే మనిషికి నాలుగు ఊళ్ళలో భాగస్వాములు, సముద్రం మీద సరుకు, అప్పులు, వాయిదాలు. అన్నీ బుర్రలో పెట్టుకోవడం ఎవరి తరం? జెనోవా నగరపాలన లెక్కలు 1340 నాటికే జంటపద్దుల్లో ఉన్నాయి. ఆ పుస్తకంలో మిరియాల కొనుగోలుకి, అమ్మకానికి విడిగా ఓ పద్దు కూడా కనిపిస్తుంది. అయితే ఈ విద్యంతా దుకాణం దాటి పెద్దగా బయటికి రాలేదు. తండ్రి కొడుక్కి, యజమాని గుమాస్తాకి చెప్పాలి. లెక్కల బడి పంతుళ్ళలో తెలిసినవాళ్ళు చెప్పాలి. చదువుకుని నేర్చుకుందామంటే అచ్చు పుస్తకం ఒక్కటీ లేదు.

వెనిస్ వ్యాపారి ఇంట్లో

1464 ప్రాంతంలో లూకా వెనిస్ చేరాడు. తూర్పు దేశాల సుగంధ ద్రవ్యాలు, పట్టు యూరప్‌లోకి దిగే పెద్ద రేవు అది. అక్కడ ఆంటోనియో రోంపియాసీ అనే వ్యాపారి ఇంట్లో ఆయన ముగ్గురు కొడుకులకి చదువు చెప్పే పని దొరికింది. ఉండడం ఆ ఇంట్లోనే. పిల్లలకి పాఠాలు చెబుతూనే తనూ ఊళ్ళో పెద్ద పంతులు దగ్గర గణితం చదువుకున్నాడు. యజమాని పని మీద ఓడలెక్కి తిరిగాడు. బడిలో నేర్చుకున్న వడ్డీ లెక్కలకి, రేవులో సరుకు దిగుతున్నప్పుడు వేసే లెక్కలకి మధ్య తేడా ఎంతో ఆయనకి అక్కడే తెలిసి ఉంటుంది.

1470లో ఆ ముగ్గురు పిల్లల కోసమే ఓ లెక్కల పుస్తకం రాశాడు. అది ఇప్పుడు దొరకడం లేదు. రాసిన మొదటి పుస్తకం పిల్లలకి అంకితమివ్వడంలోనే మనిషి స్వభావం కొంత తెలుస్తుంది. చేయి తిరిగిన పంతులు ఆయన. తనకి తెలిసింది ఇంకొకరికి తెలిసేలా చెప్పడమే ఆయన విద్య.

తర్వాత రోము వెళ్ళి, అప్పట్లో పేరుమోసిన పండితుడు, భవన నిర్మాత లియోన్ బాతిస్తా అల్బెర్తీ ఇంట్లో కొన్నాళ్ళున్నాడు. ఆ తర్వాతి కొన్నేళ్ళలోనే ఫ్రాన్సిస్కన్ సన్యాసుల్లో చేరిపోయాడు. ముతక అంగీ, నడుముకి తాడు. ఆ వేషంతోనే ఊరూరా తిరిగి గణితం చెప్పాడు. 1477లో పెరూజా విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలుపెట్టాడు. అక్కడి విద్యార్థుల కోసం మళ్ళీ ఓ పెద్ద పుస్తకం రాశాడు. తర్వాత జారా, నేపుల్స్, రోము... ఒకచోట కుదురుగా ఉన్నది తక్కువ.

ఇంత పేరొచ్చినా సొంత ఊరు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పోపు ఆయనకి కొన్ని ప్రత్యేక సౌకర్యాలిచ్చాడని సాటి సన్యాసులకి కంటగింపుగా ఉండేది. 1491లో ఆ ఊళ్ళో పాఠాలు చెప్పకూడదని ఆంక్ష కూడా పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళే పిలిచి ప్రసంగాలు చెప్పించుకున్నారు. ఇంట గెలవడం ఎంత కష్టమో ఆయనకీ తెలిసొచ్చిందన్నమాట.

27 పేజీల నిధి

1494 నవంబరులో వెనిస్‌లో ఓ పెద్ద పుస్తకం అచ్చయింది. పేరు సుమ్మా దే అరిథ్‌మెటికా. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, నిష్పత్తులు, అన్నీ ఒకేచోట. దాదాపు 600 పేజీలు. పండితుల భాష లాటిన్‌ని పక్కన పెట్టి, మామూలు జనం మాట్లాడే ఇటాలియన్‌లో రాశాడు లూకా. ఎవరెవరి పుస్తకాల నుంచి తీసుకున్నాడో పేర్లు చెప్పాడు. ప్రత్యేకంగా పేరు చెప్పని చోట అది ఫిబొనాచీదనే అనుకోమన్నాడు. అంటే తనకున్న అప్పుల పట్టీ ముందే రాసిపెట్టాడు.

ఆ మహాగ్రంథం మధ్యలో ఉన్నాయి 27 పేజీలు. 36 చిన్న చిన్న అధ్యాయాలు. జంటపద్దులు ఎలా రాయాలో అందులో చెప్పాడు. అచ్చయిన పుస్తకాల్లో ఈ సంగతి రావడం ప్రపంచంలో ఇదే మొదలు. అంతకుముందు 1458లో బెనెడెట్టో కోట్రూలీ అనే వ్యాపారి తన పుస్తకంలో ఈ పద్ధతి గురించి రాశాడు. పాపం, అది చేతిరాతలోనే ఉండిపోయి 1573 దాకా అచ్చుకి నోచుకోలేదు. తెలిసినవాళ్ళు ముందే ఉన్నారు. అచ్చులో అందరి ముందూ పెట్టినవాడు మాత్రం లూకా.

ఏం చెప్పాడో చూద్దాం. ముందుగా మనకున్నదంతా ఒక్కరోజున కూర్చుని పట్టీ రాయమన్నాడు. చేతిలో డబ్బు, నగలు, వెండి, బట్టలు, పక్కలూ దుప్పట్లూ, సరుకు, ఇళ్ళు, పొలాలు, రావలసినవి, ఇవ్వవలసినవి. అన్నీ! ఏది ముందు రాయాలో కూడా చెప్పాడు. విలువ ఎక్కువై సులువుగా చెయ్యి జారిపోయేవి ముందు. ఇల్లూ పొలమూ ఎక్కడికీ పారిపోవు కనక అవి తర్వాత. బీరువా తాళం ఇల్లాలి కొంగున ఎందుకుంటుందో తెలిసినవాళ్ళకి ఈ వరస ఎవరూ వివరించనక్కర్లేదు.

తర్వాత మూడు పుస్తకాలు. మొదటిది కచ్చా పుస్తకం. అమ్మినా కొన్నా అప్పటికప్పుడు జరిగింది జరిగినట్టు అందులో రాసెయ్యాలి. ఎవరితో, ఎంతకి, ఏ నాణెంలో, ఎవరి ఎదుట. రెండోది చిట్టా. కచ్చా పుస్తకంలోని సంగతుల్ని తేదీల వరసన, ఒకే నాణెంలోకి మార్చి, పుచ్చుకున్నదెవరు, ఇచ్చిందెవరు అని విడదీసి రాయాలి. మూడోది ఆవర్జా, పెద్ద పుస్తకం. ఒక్కో మనిషికి, ఒక్కో సరుక్కి అందులో విడివిడిగా చోటుంటుంది. ఎడమవైపు డెబిట్, కుడివైపు క్రెడిట్. ఎవరి పద్దు ఏ పేజీలో ఉందో వెతుక్కోవడానికి అక్షరక్రమంలో సూచిక.

మన ఇంటి ఉదాహరణ చూడండి. 1,800 రూపాయలకి నూనె డబ్బా కొన్నామనుకుందాం. మన డైరీలో నూనె 1,800 అని రాసి ఊరుకుంటాం. లూకా చెప్పిన పద్ధతిలో అయితే ఇంటి ఖర్చు పద్దులో ఎడమవైపు 1,800, నగదు పద్దులో కుడివైపు 1,800. నూనె వచ్చింది, డబ్బు పోయింది. రెండూ ఒకే సంగతికి రెండు ముఖాలు. అరువు తెచ్చామా, నగదు పద్దు బదులు కొట్టాయన పేరున కుడివైపు పడుతుంది. పుచ్చుకున్న చోటు ఉంటే ఇచ్చిన చోటు ఉండి తీరాలి. ఇదీ మొత్తం కీలకం.

ఆవర్జాలో ఎడమవైపు ఉన్నవన్నీ ఒకచోట, కుడివైపు ఉన్నవన్నీ ఒకచోట కూడితే రెండూ సమానం కావాలి. కాలేదా, ఎక్కడో పొరపాటు జరిగింది, వెనక్కి వెళ్ళి వెతకాలి. దీన్నే మనం అంకణా అంటాం. అసలు రాయనే రాయని పద్దుని ఇది పట్టుకోలేదనుకోండి. ఒక వైపు రాసి రెండో వైపు మరిచినదాన్ని మాత్రం పట్టిచ్చేస్తుంది.

పుస్తకాల్ని అధికారుల దగ్గరికి తీసుకెళ్ళి ముద్ర వేయించుకోమన్నాడు లూకా. ఎందుకంటే కొందరు ఘనులు రెండు రకాల పుస్తకాలు పెట్టుకుని ఒకటి కొనేవాడికి, ఇంకొకటి అమ్మేవాడికి చూపిస్తున్నారట! దొంగ లెక్కలు ఈనాటివి కావండీ.

ఇంటి ఖర్చుకీ ఓ పేజీ

ఆడవాళ్ళం మనం ఆగి చూడవలసిన చోటు ఒకటుంది. వ్యాపారం పుస్తకమే అయినా ఇంటి ఖర్చుకి అందులో విడిగా పద్దు ఉండాలన్నాడు లూకా. గోధుమలు, ద్రాక్షసారా, కట్టెలు, నూనె, ఉప్పు, మాంసం, చెప్పులు, కుట్టుకూలి... ఇవన్నీ దాని కిందికి వస్తాయి. అనుకోని ఖర్చులకి వేరే పద్దు. జూదంలో పోగొట్టుకున్న డబ్బు, పారేసుకున్నది, దొంగలెత్తుకుపోయింది అక్కడ రాయాలట. పేకాటలో పోయిన డబ్బుని ఇంటి ఖర్చులో కలిపేసి, ఈ నెల సరుకులకే ఇంతయిందేమిటని ఇల్లాలిని నిలదీసే మగవాళ్ళ ఆటలు ఈ పద్ధతిలో సాగవు.

ఇంకో మాట. యజమాని ఇంట్లో లేనప్పుడు కచ్చా పుస్తకంలో ఎవరు రాయొచ్చో చెబుతూ గుమాస్తాలతో పాటు ఆడవాళ్ళనీ చేర్చాడు. అయితే ఓ షరతు పెట్టాడు, రాయడం వచ్చి ఉంటేనే. ఆ చిన్న షరతులో ఆనాటి ఆడవాళ్ళ బతుకంతా ఉంది. ఇంటి పని, కొట్టు పని నెత్తిన వేసుకునే మనిషే, కానీ అక్షరం చేతికి అందితేనే లెక్కలో చోటు.

లూకాకి వందేళ్ళ ముందు ప్రాతో ఊళ్ళో ఫ్రాన్సెస్కో దాతీనీ అనే పెద్ద వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్య మార్గరీత. భర్త ఫ్లోరెన్సులో ఉంటే ప్రాతోలో పెద్ద ఇంటిని ఈవిడ నడిపేది. ఎవరికెంత ఇచ్చిందీ, ఏ సరుకు పంపిందీ, ఏది రావాలో, అన్నీ ఉత్తరాల్లో తెలియజెయ్యాలి. మొదట్లో వేరేవాళ్ళ చేత రాయించుకునేది. ముప్ఫై దాటాక పట్టుపట్టి తన చేత్తో రాయడం నేర్చుకుంది. దాతీనీ పుస్తకాలు 500కి పైగా, ఉత్తరాలు లక్షన్నర దాకా ఇవాళ్టికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో మార్గరీత ఉత్తరాలూ ఉన్నాయి. లూకా పెట్టిన షరతుని ఆయన పుట్టకముందే గెలిచిన ఆడది ఆవిడ.

లియొనార్డోకి లెక్కల పంతులు

సుమ్మా అచ్చయ్యాక లూకా పేరు ఇటలీ అంతా మారుమోగింది. 1495 నాటి ఆయన చిత్రం నేపుల్స్ మ్యూజియంలో ఉంది. సన్యాసి అంగీలో నిలబడి పలక మీద రేఖాగణితం వివరిస్తుంటాడు. పక్కన సగం నీళ్ళు నింపిన గాజు ఘనరూపం దారానికి వేలాడుతూ ఉంటుంది.

ఆ సుమ్మాని 119 సోల్డీలు పెట్టి కొన్నట్టు ఒకాయన తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆయనెవరో కాదు, లియొనార్డో డావిన్చీ! 1496 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా లూకాని గణితం చెప్పడానికి పిలిపించాడు. అప్పటికే లియొనార్డో అక్కడ ఉన్నాడు. లాటిన్ సరిగ్గా రాని చిత్రకారుడికి మామూలు భాషలో గణితం చెప్పే పంతులు దొరికాడు. ఇద్దరికీ చక్కగా కుదిరింది. లూకా నిష్పత్తుల మీద రాసిన దివ్య నిష్పత్తి అనే గ్రంథానికి లియొనార్డో దాదాపు 60 ఘనరూపాల బొమ్మలు గీసి ఇచ్చాడు. లోపలి అంచులు కూడా కనబడేలా చట్రాల్లా గీసిన ఆ బొమ్మలు ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంటాయి.

1499లో ఫ్రెంచి సైన్యం మిలాన్‌ని పట్టుకుంది. స్నేహితులిద్దరూ ఊరు విడిచారు. దారిలో మాంటువాలో ఆగారు. అక్కడి రాణి ఇసబెల్లా డెస్తే చదువు, కళలు తెలిసిన మనిషి, చదరంగమంటే ప్రాణం. ఆవిడకి అంకితమిస్తూ లూకా చదరంగం ఎత్తుల మీద ఓ పుస్తకం రాశాడు. అది పోయిందనే అందరూ అనుకున్నారు. 500 ఏళ్ళ తర్వాత, 2006లో, ఇటలీలోని గోరీత్సియా ఊళ్ళో ఓ జమీందారీ కుటుంబం గ్రంథాలయంలో బయటపడింది.

ఫ్లోరెన్సులోనూ ఇద్దరూ కలిసి ఉన్నారు. తర్వాత ఎవరి దారి వాళ్ళది. లూకా పాఠాలు చెబుతూనే ఉన్నాడు. 1508 ఆగస్టులో వెనిస్‌లో ఓ చర్చిలో యూక్లిడ్ మీద ప్రసంగిస్తే వినడానికి వందలమంది వచ్చారు. 1509లో దివ్య నిష్పత్తి అచ్చయింది. చివరి రోజుల్లో సొంత ఊరి మఠానికి పెద్దగా ఉన్నాడు. 1514లో పోపు రోముకి పిలిచి పాఠాలు చెప్పమన్నాడు. 1517 జూన్ 19న సాన్‌సెపోల్క్రోలో కన్నుమూశాడు.

రాయని పద్దు

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. చనిపోయిన 33 ఏళ్ళకి, 1550లో, వసారీ అనే రచయిత చిత్రకారుల జీవితాల మీద పుస్తకం వేశాడు. అందులో లూకా మీద పెద్ద నింద వేశాడు. గురువులాంటి పియెరో డెల్లా ఫ్రాన్సెస్కా రాసుకున్న గణితాన్నంతా, ఆయన పోయాక, తనదిగా అచ్చు వేసుకున్నాడన్నది ఆ నింద.

అంతా అబద్ధమని కొట్టిపారెయ్యడానికి లేదు. దివ్య నిష్పత్తి అచ్చు పుస్తకంలో మూడో భాగం పియెరో లాటిన్‌లో రాసిన ఘనరూపాల గ్రంథానికి ఇటాలియన్ అనువాదమే. పియెరో రాతప్రతి తర్వాత వాటికన్ గ్రంథాలయంలో దొరికింది, పోల్చి చూసి తేల్చారు. అక్కడ మాత్రం లూకా ఇది పియెరోదని చెప్పలేదు. వేరే చోట్ల ఆ పెద్దాయన్ని ఆకాశానికెత్తాడు. సుమ్మాలో ఎందరి పేర్లో చెప్పాడు. ఒకరి రాతలు ఒకరు తీసుకోవడం ఆ రోజుల్లో ఇప్పటంత తప్పుగా చూసేవాళ్ళు కాదని పండితులు కొందరు ఆయన తరఫున వాదిస్తారు. అదీ కొంత నిజమే.

అయినా మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. పుచ్చుకున్న ప్రతిదానికీ ఇచ్చినవాడి పేరు రాయమని లోకానికి నేర్పిన మనిషి ఆయన. తాను పుచ్చుకున్న ఒక పెద్ద పద్దులో ఇచ్చినవాడి వైపు ఖాళీగా వదిలేశాడు. ఆయన చెప్పిన పద్ధతి ప్రకారమే చూస్తే ఆ అంకణా కుదరదు. వసారీ కోపంలో కొంత అతిశయం ఉండొచ్చు గానీ, ఎత్తి చూపింది మాత్రం ఆ ఖాళీనే.

వితంతువు అచ్చు వేయించిన పుస్తకం

లూకా 27 పేజీలు అక్కడితో ఆగలేదు. వెనిస్‌లో వ్యాపారం నేర్చుకున్న యాన్ ఇంపిన్ అనే ఆయన ఆంట్‌వెర్ప్ ఊళ్ళో లూకా పద్ధతిని ఆధారం చేసుకుని డచ్ భాషలో ఓ పుస్తకం రాశాడు. అది అచ్చవకుండానే పోయాడు. రాతప్రతిని భార్య ఆన్నా స్వింటర్స్ అటక మీద పడెయ్యలేదు. 1543లో డచ్‌లోనూ, ఫ్రెంచిలోనూ అచ్చు వేయించింది. 1547లో అది ఇంగ్లీషులోకీ వెళ్ళింది. ఉత్తర యూరప్‌కి జంటపద్దులు అందిన దారుల్లో ఓ ముఖ్యమైన దారి ఈ వితంతువు చేతి మీదుగా వేసిందే. మొగుడి పేరు తియ్యకుండా, ఆయన పుస్తకంగానే వేయించింది. ఎవరిది వాళ్ళకి రాయడమంటే ఇదీ!

లూకా పేరు మాత్రం రానురాను మరుగున పడిపోయింది. పద్ధతి మిగిలింది, పంతులు పోయాడు. 1869లో మిలాన్‌లో ఓ ఆచార్యుడు పాత పుస్తకాల్లో ఆయన్ని వెతికి పట్టుకుని ప్రసంగం చేశాక మళ్ళీ లోకానికి తెలిశాడు. 1994లో సుమ్మాకి 500 ఏళ్ళు నిండినప్పుడు ఇటలీ ఆయన పేరున తపాలా బిళ్ళ వేసింది.

ఇప్పుడు ఆయన ఆవర్జా మన ముందుంది. ఎడమవైపు ఆయన పుచ్చుకున్నవి: మన దేశం నుంచి నడిచి వెళ్ళిన అంకెలు, ఫిబొనాచీ గణితం, వెనిస్ వ్యాపారుల పద్ధతి, పేరు రాయని ఆ పియెరో గ్రంథం. కుడివైపు ఇచ్చినవి: కొట్లలో గుమాస్తాల చేతుల్లో తిరిగిన విద్యని, లాటిన్ రాని మామూలు మనిషి చదువుకోగల భాషలో, అచ్చులో, అందరి ఎదుటా పెట్టడం. పియెరో పద్దు అలాగే ఉంటుంది, దాన్ని కొట్టెయ్యడానికి మనకి హక్కు లేదు. అలాగని కుడివైపున్నది చిన్నదీ కాదు.

అందులో మన వాటా కూడా ఉంది. రాయడం వస్తేనే అన్న షరతు ఇప్పుడు మనలో ఎందరికో అడ్డు కాదు. బ్యాంకు పాసుపుస్తకంలో రెండు వరసలు కనిపిస్తాయి కదా, పడిన డబ్బు ఒకవైపు, తీసిన డబ్బు ఒకవైపు. దాన్ని చదివి అర్థం చేసుకోండి. చీటీ కట్టినా, పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నా, పుట్టింటి వాళ్ళకి చేబదులిచ్చినా, పుచ్చుకున్నదెవరో ఇచ్చిందెవరో రెండు చోట్లా రాసుకోండి. డైరీలో మరో పేజీ పెట్టి పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంటికి మనం చేసే చాకిరీ కూడా ఓ వారం రాసి చూడండి. మన పేరు ఏ వైపు ఎన్నిసార్లు పడుతుందో ఇంట్లో అందరికీ కనబడుతుంది.